పూత చూసి ఇచ్చిన మాట

మాఘమాసం వచ్చిందంటే ఆగిరిపల్లిలో రెండు సందళ్లు. కొండమీద శోభనాచలస్వామి ఉత్సవాలు, కింద తోటల్లో మామిడిపూత. ఆ పూతను చూసి నాన్నలు ధారాళంగా మాటలిచ్చేస్తుంటారు. 'కాపు నిలవనీరా, సైకిల్ కొనిపెడతా' అని! తీరా చూస్తే మంచు కురుస్తుంది, తేనెమంచు పురుగు పడుతుంది, పూత కాస్తా మాడిపోతుంది. సైకిల్ మళ్లీ ఏటికి వాయిదా. పిల్లాడి లెక్కలో మాత్రం పురుగుది కాదు తప్పు, నాన్నదే.

సరే, అది పంట చేసిన మోసం. మరి ఇల్లే వదిలి వెళ్లిపోయిన నాన్న మాటేమిటి?

పూరి జగన్నాథ్ 2003లో తీసిన 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి'లో రవితేజ కష్టం అదే. పెంచింది అమ్మ జయసుధ. నాన్న ప్రకాష్‌రాజ్‌కేమో కిక్ బాక్సింగే లోకం. అమ్మ పోయాక, ఆవిడ చివరి కోరిక మీద కొడుకు విశాఖ వెళ్లి ఆయన గుమ్మం ఎక్కుతాడు. 'నాన్నా' అని పిలవాలో, గల్లా పట్టుకుని నిలదీయాలో తెలియని అవస్థ! అందుకే ఆ కుర్రాడు అన్నిటికీ వెటకారమాడతాడు. మనం నవ్వుతాం. కాసేపటికి తెలుస్తుంది... ఆ వెటకారం లోపలి మంటకి మూత అని. ఆఖరికి నాన్న పరువు కోసం బరిలోకి దిగేదీ వాడే. చిత్రం చూడండి, కొడుకు చెయ్యి పట్టుకుని నడిపించాల్సిన తండ్రిని కొడుకే నిలబెట్టాల్సొచ్చింది. అలాంటి ఇళ్లలో పిల్లలు ఈడుకన్నా ముందే పెద్దవాళ్లవుతారు.

మరుసటి ఏడే రాజా ఈ కథను తమిళంలో తీశారు. తండ్రి వేషం మళ్లీ ప్రకాష్‌రాజ్‌దే. పేరు మాత్రం 'ఎం.కుమరన్ సన్నాఫ్ మహాలక్ష్మి'. మహాలక్ష్మి ఎవరో కాదు, అమ్మే! కథంతా నాన్న చుట్టూ తిరిగినా, కొడుకు ఎవరి బిడ్డో ఆ పేరే తేల్చేసింది. తెలుగు పేరులోనూ ముందున్నది అమ్మే కదా!

మన తోటల్లోనూ అంతే. కాపు పోయిన ఏడు కూడా రాలిన కాయలేరి పచ్చడి పెట్టేది అమ్మ. ఏడాది పొడవునా అన్నంలోకి ఆ జాడీయే దిక్కు. సైకిల్ కొనిస్తానన్న మాట గుర్తుండిపోయినట్టు, ఆ జాడీ మనకు గుర్తుండదు.

సినిమాలో కొడుకు క్షమించాడు. బయటా చాలామంది క్షమిస్తారు, మంచిదే. కానీ క్షమించడం వేరు, నమ్మడం వేరు. పూత చూసి క్షమించొచ్చు. నమ్మడం మాత్రం... కాయ చేతికొచ్చాకే!