రెండేళ్లు చెరగని కరెంటు బిల్లు కోసం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్ల గౌరవ అధ్యక్షులకు, సభ్యులకు,

మీటరు రీడింగు తీసిన వెంటనే వినియోగదారుని ఫోనుకో ఈమెయిలుకో చేరే ఎలక్ట్రానిక్ బిల్లును గృహ విద్యుత్ కనెక్షన్లకు ప్రధాన పత్రంగా గుర్తించాలని మండళ్లను కోరడం ఈ లేఖ ఉద్దేశం. కాగితం ఆదా అవుతుందన్నది అందరికీ తెలిసిన లాభమే. అంతగా చర్చకు రాని విషయం, బిల్లు సాక్ష్యంగా ఎంతకాలం నిలుస్తుందన్నది.

రీడింగు తీసే ఉద్యోగి చేతి యంత్రం నుంచి చించి గేటు సందులో దోపి వెళ్లే చీటీలో సిరా ఉండదు. అది థర్మల్ కాగితం, అంటే వేడి తగిలిన చోట రంగు తేలే రసాయనపు పూత గల కాగితం. ఎండ పడినా, నూనె అంటినా, ప్లాస్టిక్ కవరులో దాచినా దానిమీది అక్షరాలు క్రమంగా వెలిసిపోతాయి. జాగ్రత్తగా బీరువాలో పెట్టిన చీటీని కొన్ని నెలల తరువాత తీసి చూస్తే సర్వీసు నంబరు సైతం ఆనవాలు లేకుండా తెల్లబడి ఉండడం ఎన్నో ఇళ్లలో కనబడేదే.

2003 నాటి విద్యుత్ చట్టంలోని 56(2) సెక్షను ప్రకారం, ఒక మొత్తం మొదట చెల్లించవలసి వచ్చిన తేదీ నుంచి 2 ఏళ్లు గడిస్తే, ఆ మధ్యకాలంలో దానిని ఎడతెగకుండా బకాయిగా చూపుతూ వచ్చి ఉంటే తప్ప, వసూలు చేయడానికి వీలులేదు. చట్టం ఇచ్చిన ఈ రక్షణను వాడుకోవాలంటే వినియోగదారుని చేతిలో ఆ రెండేళ్ల బిల్లులూ ఉండాలి, అవి చదవడానికి వీలుగానూ ఉండాలి. పంపిణీ సంస్థ లెక్క కంప్యూటరులో పదిలంగా ఉండగా, వినియోగదారుని సాక్ష్యం మాత్రం బీరువాలో చెరిగిపోవడం న్యాయం కాదు.

రీడింగు తేదీలదీ ఇదే కథ. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తుంది. రోజుకు ఆరున్నర యూనిట్లు వాడే ఇంట్లో 30 రోజులకు రీడింగు తీస్తే 195 యూనిట్లు తేలుతాయి. 33 రోజులకు తీస్తే 214 దాటుతాయి. అదనపు రోజులను లెక్కలో సర్దారో లేదో నిర్ధారించుకోవడానికి వినియోగదారునికి ఉన్న ఆధారం బిల్లు మీది రెండు తేదీలే. వాటికి మీటరు ఫోటో కూడా తోడైన ఎలక్ట్రానిక్ బిల్లు ఉంటే, తప్పు జరిగిందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పల్లెలో ఉన్న తల్లిదండ్రుల బిల్లును వేరే ఊరిలోనో దేశంలోనో ఉన్న పిల్లలు కూడా సరిచూడవచ్చు.

అయితే లింకుతో కూడిన సందేశం పంపినంత మాత్రాన బిల్లు ఇచ్చినట్లు కాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 4వ సెక్షను ఎలక్ట్రానిక్ పత్రాన్ని రాతపత్రంతో సమానంగా గుర్తిస్తూనే, అది తరువాత చూసుకోవడానికి అందుబాటులో ఉండాలన్న షరతు పెట్టింది. కొన్నాళ్లకు తెరుచుకోని లింకు ఆ షరతును తీర్చదు, ఆ మాటకొస్తే వెలిసిన చీటీకన్నా మెరుగైనదీ కాదు. పైగా బిల్లు కట్టలేదని, ఈ రాత్రికే కరెంటు తీసేస్తామని బెదిరించే మోసపు సందేశాల వల్ల డబ్బు పోగొట్టుకున్నవారు ఉన్నందున, లింకు కనబడితేనే జనం జంకుతున్నారు. అందువల్ల బిల్లు పూర్తి పత్రంగా, తెలుగులో, డిజిటల్ సంతకంతో, అంటే దానిని ఎవరూ మార్చలేదని రుజువుచేసే సాంకేతిక ముద్రతో, ఎప్పుడూ ఒకే అధికారిక చిరునామా నుంచి రావాలి. గడిచిన బిల్లులన్నీ కనీసం మూడేళ్లపాటు సర్వీసు నంబరు కింద ఉచితంగా దొరకాలి.

ఫోను లేనివారికి, ఉన్నా చదువుకోలేనివారికి కాగితం బిల్లు అదనపు రుసుము లేకుండా కొనసాగాలి. అడిగిన రోజునే పాత బిల్లులను మామూలు కాగితం మీద అచ్చువేసి, ముద్రవేసి ఇచ్చే బాధ్యతను స్థానిక విద్యుత్ రెవెన్యూ కార్యాలయాలకు అప్పగించాలి. మండళ్లు ఈ అంశంపై బహిరంగ విచారణ జరిపి, రానున్న టారిఫ్ ఉత్తర్వులతో పాటే ఆదేశాలు ఇవ్వాలని వినియోగదారుల తరఫున విన్నపం.