చేప మేత – కూలివాని కంచం

కొల్లేరు లంకల్లో చేపకు బువ్వ పెట్టేది కూలివాడే. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు, చెక్క కూరి, పడవ మీద పోయి చెరువులో పాతిన కర్రలకు కడతాడు. ఆ సంచుల్ని పొడుచుకు తిని బొచ్చె, శీలావతి బరువెక్కుతాయి. ఐసులో పడి, లారీలెక్కి హౌరాకు పోతాయి. ఎకరానికి ఎన్ని టన్నులని అందరూ అడుగుతారు. ఆ చేపలో ఏముందని అడిగేవాడేడీ?

అడగాలి. చేప కొవ్వు అన్నిచోట్లా ఒకటి కాదు, తిన్న మేతను బట్టి మారుతుంది. నీళ్లలోని నాచూ, సన్నపురుగూ తిని పెరిగిన చేపలో ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు చేరతాయి. పసిబిడ్డ మెదడుకూ కంటికీ, పెద్దవాళ్ల గుండెకూ అవి అవసరం. తవుడులో, వేరుశనగ చెక్కలో, పత్తి చెక్కలో అవి బహు స్వల్పం. పైగా తవుడులోని నూనె ముందే ఫ్యాక్టరీ తీసుకుంటుంది. నూనె పట్నం బజారుకి, పిప్పి మన చెరువుకి! ఆ పిప్పిలోని పిండి పదార్థం చేప వంట్లో కొవ్వవుతుంది గాని ఒమేగా-3 కాదు. చేప లావెక్కుతుంది, సారం పలచబడుతుంది.

అయితే మేత మానెయ్యమంటామా? కాదు. మేత లేకపోతే దిగుబడీ లేదు, కూలికి పనీ లేదు. పెంపకపు చేప మంచి మాంసకృత్తుల ఆహారమే. దాన్ని విషమనడం తప్పు. కావలసింది మేత మెరుగు. చెక్ దేశంలో దక్షిణ బొహీమియా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు కార్పు చేపకు అవిసె గింజలూ, ఆవజాతి గింజల చెక్కా కలిపిన మేత పెట్టి, మాంసంలో ఒమేగా-3 పెంచి చూపారు. మొక్కల కొవ్వును కొంతమేరకు మేలైన రూపంలోకి మార్చుకునే శక్తి కార్పు జాతికుంది. అవిసె మన దేశంలో పండేదే.

మరి ఇక్కడెందుకు జరగదు? బజారులో బరువుకే ధర, సారానికి ధర లేదు. అవిసె ఖర్చు చిన్న కౌలుదారు నెత్తిన వేస్తే అతను మునుగుతాడు. ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలి.

1976లో మత్స్యకారుల, పేదల సంఘాల పేరున ప్రభుత్వం చెరువులు తవ్వించింది. అవి ఎవరి చేతుల్లోకి పోయాయో ఏలూరు నుంచి ఆకివీడు దాకా అందరికీ తెలుసు. వల వేసి ఇంటికింత కొర్రమీనో ఇంగిలాయో తెచ్చుకునే నీళ్లు గట్ల మధ్య చిక్కాయి. ఇవాళ కూలివాడు తాను మేపిన చేపనే కొనుక్కు తినాలి. అందుకే ఆ చేపలో సారం ఎంతన్నది అతని బిడ్డల సమస్య.

2020లో రాష్ట్రంలో చేపల మేత నాణ్యతకు చట్టం వచ్చింది. దాన్ని ఆసరా చేసుకుని అడుగుదాం. మేత సంచి మీద కొవ్వు ఎంతో, ఏ రకమో తెలుగులో రాయించాలి. ఉండి మత్స్య పరిశోధనా కేంద్రం మన చెరువుల చేపను పరీక్షించి, ఫలితాలు ఊరూరా చెప్పాలి. పట్టుబడి రోజున కూలీకి గట్టు ధరకే చేప ఇవ్వాలి.

తాడేపల్లిగూడెంలో తవుడు బస్తా మోసేవాడూ, కొల్లేట్లో సంచి కట్టేవాడూ ఒకే కష్టం పంచుకున్నవాళ్లు. ఈ మాట ఇద్దరూ కలిసి అడిగితేనే గట్టు మీదున్నవాడికి వినపడుతుంది.