ఏదో ఒకటి చెయ్యి

"ఆదివారం రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగదండీ" అని గొప్పగా చెప్పుకునే మగవాళ్ళని నేను చాలామందిని ఎరుగుదును. నేనూ వాళ్ళలో ఒకణ్ణే. పద్దెనిమిదేళ్ళు ఆ మాటే చెప్పుకుని తిరిగాను. వారమంతా ఆవిడ వండుతుంది, ఆదివారం ఆయన బయటికి తీసుకెళ్తాడు. టాంక్‌బండ్ మీద కాసేపు గాలి, ఆ తర్వాత ఏ హోటల్లోనో బిర్యానీ, లేదంటే మాల్‌లో సినిమా. దానికీ దీనికీ చెల్లు. పెళ్ళి చేసిన పెద్దల దగ్గర్నుంచి ఆఫీసులో పక్క కుర్చీ మిత్రుడి దాకా అందరూ బోధించే సంసార సూత్రం ఇదే: "వారానికోసారి అలా తిప్పుకురావోయ్, అన్నీ సర్దుకుంటాయి."

ఏమీ సర్దుకోవు. అసలు లెక్కే తప్పు.

రోజుకి మూడు పూటల చొప్పున ఏడాదికి 1,095 పూటలు. ఆదివారం రాత్రులు 52 తీసేయండి. ఇంకా 1,043 ఉన్నాయి. మధ్యలో టీలూ, చుట్టాలకి చేసే ఉప్మాలూ, పండగ పిండివంటలూ ఇందులో కలపలేదు. ఇంత పని చేయించుకుని 52 రాత్రులు సెలవిచ్చి చేతులు దులుపుకునే యజమాని గురించి పేపర్లో చదివితే మనమే పళ్ళు నూరుతాం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా జనం రోజుని ఎలా ఖర్చుపెడుతున్నారో సర్వే చేసింది. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 97. ఈ 97 చూసి మురిసిపోకండి. అది ఆ రోజు ఇంటిపని ముట్టుకున్న మగవాళ్ళ సగటు మాత్రమే. ముట్టుకున్నవాళ్ళు నూటికి 26 మంది.

పోనీ ఆ 52 రాత్రులైనా విశ్రాంతేనా? సోమవారం పొద్దున ఇడ్లీ కావాలంటే ఆదివారం మధ్యాహ్నమే మినప్పప్పు నానబోయాలి. నాలుగైదు గంటలు నానాలి, రాత్రికి రుబ్బాలి, తెల్లారేదాకా పులియాలి. మనం ఆరింటికి ముస్తాబై స్కూటరెక్కే వేళకి వంటింట్లో సోమవారం మొదలైపోయి ఉంటుంది. పైగా బయటికి రాలేని మా అమ్మకి అన్నం, చారు, ఓ వేపుడు చేసి, గిన్నెల మీద మూతలు పెట్టి, "అత్తయ్యా, పెరుగు ఫ్రిజ్‌లో ఉంది" అని చెప్పాకే మా ఆవిడ చెప్పులేసుకునేది. అంటే ఆ రాత్రి పొయ్యి వెలగలేదన్న మాట కూడా అబద్ధమే. నేను అద్దం ముందు తల దువ్వుకుంటున్నప్పుడు వెలిగి ఆరింది.

టాంక్‌బండ్ మీద బుద్ధుడి కేసి తిరిగి కూర్చుని మొక్కజొన్న పొత్తు కొరుకుతుంటే ఆవిడ వాచీ చూసుకునేది. "ఇంక వెళ్దామండీ, పప్పు నానిపోయి ఉంటుంది." నాకు ఒళ్ళు మండేది. ఇంత చల్లగాలిలో ఈ పప్పు గోలేమిటి? హుస్సేన్‌సాగర్ అడుగున రెండేళ్ళకు పైగా నాని 1992లో లేచి నిలబడ్డ ఆ రాతి బుద్ధుడికైనా ఆవిడ బాధ అర్థమయ్యేదేమోగానీ, నాకు కాలేదు. ఇంటికొచ్చాక నేను టీవీ ముందు కూలబడేవాణ్ణి. లోపల గ్రైండర్ తిరుగుతుంటే శబ్దం పెంచుకునేవాణ్ణి.

2020లో కరోనా వచ్చి ఈ బేరం గుట్టు బయటపెట్టింది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. హోటళ్ళు లేవు, సినిమా హాళ్ళు లేవు, షికార్లు లేవు. వంటకి షికారు చెల్లు అన్న మాట నిజమైతే, నా వైపు చెల్లింపు ఆగిపోయినట్టే కదా. మరి ఆవిడ వంట ఆగిందా? పెరిగింది. బాక్సుల్లో చల్లారింది తినేవాళ్ళందరం ఇంట్లో కూర్చుని వేడివేడిగా అడగడం మొదలుపెట్టాం. మా ఆవిడది బ్యాంకు ఉద్యోగం, బ్యాంకులు మూయలేదు. నాది లాప్‌టాప్ ఉద్యోగం. ఇంట్లో ఉన్నది నేను, వండిపెట్టి డ్యూటీకి వెళ్ళింది ఆవిడ. రాసుకుంటుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. అప్పుడు వెయ్యలేదు.

అలాంటి ఒక సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చి, గుమ్మంలోంచే స్నానానికి వెళ్ళి, తడి తలతో వంటింట్లోకి నడుస్తూ "ఏం చెయ్యమంటారు?" అని అడిగింది. ఎప్పటిలాగే తలెత్తకుండా "ఏదో ఒకటి చెయ్యి" అన్నాను. ఆవిడ గరిటె గట్టు మీద పెట్టింది. "ఆ ఏదో ఒకటి ఎలా ఉంటుందో చూపించండి, వండుతాను."

ఇక్కడే నా అసలు తగాదా. "ఏదో ఒకటి చెయ్యి", "నీ ఇష్టం" అనే మాటల్ని మనం మర్యాద కింద చెలామణీ చేస్తున్నాం. భార్యకి స్వేచ్ఛ ఇచ్చామనీ, పెట్టింది తినే సాత్వికులమనీ పేరు కొట్టేస్తున్నాం. కానీ వంటలో బరువంతా ఉన్నది ఆ ప్రశ్నలోనే. కూరలు తరగడం ఎవరైనా నేర్చుకుంటారు. ఫ్రిజ్‌లో తోటకూర వాడిపోయేలోపు వాడాలి. నిన్న పప్పు, ఇవాళ మళ్ళీ పప్పంటే పిల్లాడు మూతి ముడుస్తాడు. వాడికి కాకరకాయ గిట్టదు, మా అమ్మకి వంకాయ పడదు, శనివారం ఉల్లిపాయ కూడదు. పచ్చడుంది కదా అని పులుసు మానేస్తే అన్నంలోకి తడి ఉండదు. పాలు తోడు పెట్టారా? సిలిండర్ ఎన్నాళ్ళొస్తుంది? ఇన్ని ముళ్ళు విప్పితేగానీ పొయ్యి మీదికి గిన్నె ఎక్కదు. ఈ చిక్కంతా ఆవిడ నెత్తిన పడేసి, చివర్లో నాలుగు ఉల్లిపాయలు తరిగి "నేను సాయం చేస్తాను" అనుకోవడం, బండి మొత్తం ఆవిడ లాగుతుంటే వెనకాల చెయ్యి ఆనించి నడవడం లాంటిది. సాయం అనే మాటలోనే ఆ పని ఎవరిదో తేల్చేశాం.

వంటమనిషిని పెట్టుకోవచ్చుగా అంటారు. పెట్టుకున్న ఇళ్ళు చూశాను. పొద్దున్నే ఆ మనిషి వచ్చి అడిగే మొదటి మాట "ఏం కూరమ్మా?" అయ్యగారిని అడగదు. యాప్‌లో తెప్పించుకునే ఇళ్ళలోనూ అంతే, ఫోను ఎవరి చేతిలో ఉంటుందో చూడండి.

"మా ఆవిడకి వంటంటే ప్రాణం" అనేది మరో వాదన. నాకు పాటంటే ప్రాణం. అలాగని జ్వరమొచ్చినా, నిద్రొచ్చినా, రోజుకి మూడు కచేరీలు చెయ్యమంటే ఎన్నాళ్ళు పాడతాను? మగవాడి చేతికి వంట రాదంటారా, నలుణ్ణీ భీముణ్ణీ ఏ నోటితో తలుచుకుంటున్నారు? బాగుంటే నలభీమపాకం అంటాం. పెళ్ళిలో వెయ్యి మందికి వండేదీ, హోటల్లో దోసె తిప్పేదీ ఎక్కువగా మగవాళ్ళే. జీతమొచ్చే చోట మగవాడి చేతికి అన్ని రుచులూ వస్తాయి, ఇంటికి రాగానే ఉప్పు ఎంతో తెలియదు. విమల 'వంటిల్లు' కవితకి సభలో చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చి "ఇవాళేం కూర?" అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

2021లో వచ్చిన మలయాళ సినిమా 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్'లో నాకు గుచ్చుకున్నది వంటింటి మురికి కాదు, షికారు సీను. ఇంట్లో నమిలిన పిప్పి బల్ల మీదే వదిలేసే భర్త హోటల్లో మాత్రం శుభ్రంగా పక్కన పెడతాడు. మర్యాద తెలుసే మీకు అని భార్య నవ్వుతూ అంటుంది. అంతే, ఆయనకి అవమానమైపోతుంది, క్షమాపణ చెప్పించుకుంటాడు. హోటల్ అతన్ని మార్చలేదు. అక్కడ ఎలా ఉండాలో అతనికి తెలుసు, ఇంట్లో అక్కర్లేదనుకున్నాడు. మన ఆదివారాలూ ఇలాంటివే కాదా? ఊళ్ళోకి వెళ్ళి పెద్దమనుషులమై, తలుపు తాళం తీయగానే పాత మనుషులమైపోతాం.

'తీసుకెళ్ళడం' అనే మాట కూడా వినండి. "మా ఆవిణ్ణి బయటికి తీసుకెళ్ళాను" అని మనం అంటాం. "మా ఆయన్ని తీసుకెళ్ళాను" అన్న ఇల్లాలు నాకింతవరకు తగల్లేదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలోనూ వచ్చింది. బస్సులు కిటకిటలాడుతున్నాయని విసుక్కునే మగవాళ్ళ మాటల్లో సగం రద్దీ గురించే, ఒప్పుకుంటాను. మిగతా సగం, తీసుకెళ్ళే పని చేజారుతోందన్న బెంగ అని నా అనుమానం. మా ఆవిడ తోటి ఉద్యోగినులతో లాడ్‌బజార్ వెళ్ళి గాజులు కొనుక్కొచ్చింది. ఎవరూ తీసుకెళ్ళలేదు.

షికార్లు మానమని నేననడం లేదు, వాటిని కూలి కింద లెక్కగట్టొద్దంటున్నాను. మాకిప్పుడు అసలు షికారు ఆదివారం పొద్దున ఎర్రగడ్డ రైతు బజారు. మూసాపేటలో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో ఈ బజార్లు పెట్టారు, ఇరవయ్యేళ్ళకు పైగా నేను అటు తొంగిచూడలేదు. ధరల బోర్డు ముందు నిలబడి వారానికి ఏం వండాలో ఇద్దరం అక్కడే తేల్చుకుంటాం. బెండకాయ కొన టక్కున విరగాలనీ, సొరకాయ మీద గోరు సులువుగా దిగాలనీ, వంకాయ ముచ్చిక పచ్చగా ఉండాలనీ యాభయ్యో ఏట నేర్చుకున్నాను. కొసరు కరివేపాకు అడగడం మాత్రం నాకింకా రాలేదు, ఆవిడే అడుగుతుంది. సోమ, బుధ, శుక్రవారాలు నావి. నానబోయడం నుంచి గట్టు తుడవడం దాకా, ఏం కూరన్న ప్రశ్నతో సహా. ఇందులో ఘనకార్యమేమీ లేదు. అపార్ట్‌మెంటులో మాత్రం నాకు ఎక్కడలేని పేరొచ్చింది. ఆవిడ పద్దెనిమిదేళ్ళు వండితే ఎవరూ ఒక్క ముక్క అనలేదు. మా అమ్మ మాత్రం నా పప్పుచారు నోట్లో పెట్టుకుని ఇప్పటికీ "కోడలికి ఒంట్లో బాగోలేదా?" అంటుంది.

మొన్న ఆదివారం సాయంత్రం మళ్ళీ టాంక్‌బండ్ మీద కూర్చున్నాం. మబ్బు పట్టి గాలి బాగుంది. ఆవిడ రెండో పొత్తుకి బేరమాడుతోంది. ఎనిమిదయ్యేసరికి నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. పప్పు మధ్యాహ్నం రెండింటికి నానబోశాను.

"ఇంక వెళ్దామా?" అన్నాను.

"మీరు వెళ్ళి రుబ్బండి," అంది, పొత్తుకి నిమ్మకాయ రుద్దించుకుంటూ. "నేను కాసేపు కూర్చుని బస్సులో వస్తాను."