ముందు మూట తూచండి!

మేడారం జాతర దగ్గరపడుతోందంటే చాలు, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ కాలనీల్లో ఇళ్ళ ముందు జీపులు బరువెక్కుతాయి. రెండేళ్ళకోసారి మాఘమాసంలో వచ్చే సమ్మక్క సారలమ్మల జాతర అది. రమారమి 240 కిలోమీటర్ల ప్రయాణం. అక్కడ మూడు నాలుగు రోజులు గుడారం వేసుకుని వండుకు తినాలి. అందుకని టార్పాలిను, పరుపులు, స్టవ్వు, గిన్నెలు, బియ్యం, నీళ్ళ క్యాన్లు... సంసారం మొత్తం టాపెక్కుతుంది. బండి వెనక భాగం కుంగుతుంది. అప్పుడు మగవాళ్ళకి ఆటోనగర్ గుర్తొస్తుంది. "కమాన్ కట్టకి ఇంకో పట్టీ వేయిస్తే బండి లేస్తుంది వదినా, మీరు నిశ్చింతగా సర్దండి" అంటారు మరుదులు.

నిజంగా నిశ్చింతగా సర్దవచ్చా?

కమాన్ కట్ట అంటే విల్లులా వంచి ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు. వెనక ఇరుసు మీద బండి బరువును మోసేవి అవే. ఇంకో పట్టీ చేరిస్తే బండి ఎత్తు పెరిగేమాట నిజమే. కానీ ఇరుసు పాతదే, బ్రేకులు పాతవే, టైర్లు పాతవే. అవి మోయగలిగిన బరువు వీసమెత్తు పెరగదు. బండి కుంగిందంటే "ఇక చాలు" అని చెబుతున్నట్టు. పట్టీ వేయించి ఆ మాట వినపడకుండా చేస్తే ఎలా? రిజిస్ట్రేషను వివరాలకు, కంపెనీ ఇచ్చిన కొలతలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కూడా చెబుతోంది.

ఇంకో సంగతి. జాతర అయి సామాను దిగిపోయాక, గట్టిపడ్డ కట్ట తేలిగ్గా వంగదు. ప్రతి గుంతకీ బండి ఎగిరెగిరి పడుతుంది. వెనక సీట్లో ఎవరుంటారు? నడుంనొప్పి అత్తగారు, కడుపుతో ఉన్న ఆడపడుచు, చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకున్న మనం!

ఏళ్ళ తరబడి తిరిగి కట్టలు సాగిపోయి, ఖాళీగా ఉన్నప్పుడే బండి వంగి ఉంటే అది వేరు. కంపెనీ కొలతకే కొత్తవి వేయించాలి. అది మరమ్మతు. బరువు కోసం ఎత్తు పెంచడం మరమ్మతు కాదు.

అసలు ఆ బరువు సర్దేది మనమే కదా! ఒక్కసారి లెక్క వేద్దాం. నిండు సిలిండరు 30 కిలోలు, బియ్యం 25, మూడు నీళ్ళ క్యాన్లు 60, స్టవ్వూ గిన్నెలూ 30, పరుపులూ టార్పాలినూ 40, మొక్కు బెల్లం 50. మొత్తం 235 కిలోలు. అంటే నలుగురు మనుషులు టాపు మీద కూర్చున్నట్టే! బెల్లం మేడారంలోనే దొరుకుతుంది. దారికి ఒక్క క్యాను నీళ్ళు చాలు. నిండు సిలిండరు మనుషులతో పాటు ప్రయాణం చేయవలసిన వస్తువే కాదు. ఈ మూడూ తగ్గిస్తే మిగిలేది 115 కిలోలు. సగానికి సగం!

ఆ మిగిలినదాన్నీ టాపు మీదికి ఎక్కించకండి. పైన బరువుంటే మలుపులో బండి ఒరుగుతుంది. బియ్యం, గిన్నెలు కింద, వెనక తలుపు దగ్గర కాకుండా సీట్లకు ఆనించి పెట్టండి. పైకి పరుపులు మాత్రమే, తాడుతో గట్టిగా కట్టి. బయల్దేరే ముందు మనుషులతో సహా బండిని ఒకసారి వేబ్రిడ్జి ఎక్కించమనండి. కంపెనీ పుస్తకంలో రాసిన మొత్తం బరువు దాటితే ఇంకో మూట దించండి.

"ఇవి ఆడవాళ్ళకెందుకు?" అంటారేమో. తల్లుల గద్దెల దగ్గర తక్కెట్లో కూర్చుని మరీ నిలువెత్తు బంగారం తూచి ఇచ్చేవాళ్ళం. పిల్లాపాపలు ఎక్కే బండి బరువు ఎంతో అడగడానికి మనకేం మొహమాటం?