గౌరవ సంబోధనములు

ఎవరిని ఏ మాటతో పిలువవలయునను ప్రశ్న స్వల్పమైనదిగా తోచును. అయినను ఒక సంఘము మనుష్యుని ఎట్లు విలువకట్టుచున్నదో దానివలననే తేటపడును.

పూర్వము మన పెద్దలు జాబు వ్రాయునపుడు పేరునకు ముందు "మ. రా. రా. శ్రీ" అనియు, చివర "గారు" అనియు చేర్చెడివారు. మహారాజ రాజశ్రీ యని దాని యర్థము. గౌరవింపదలచిన గృహస్థునకు రాజ్యము లేకున్నను అది చెల్లుచుండెను. రావు బహద్దరు, దివాన్ బహద్దరు మున్నగు బిరుదములు మాత్రము దొరతనమువారు కొందఱికే యిచ్చిరి.

1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగము, 18వ అధికరణముచే, సైనిక విద్యా సంబంధమైనవి తప్ప తక్కిన బిరుదములను ప్రభుత్వ మీయరాదని శాసించెను. 1971లో 26వ సవరణ సంస్థానాధీశుల గుర్తింపును, రాజభరణములను తొలగించెను. 2012లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీగారు దేశములోపల "హిజ్ ఎక్సలెన్సీ" యను సంబోధనమును మాన్పించిరి.

ఇందువలన పెద్దఱికము చెడునని కొందఱందురు. నేనట్లు తలంపను. అధికారమునకు తగిన మర్యాద చూపవలసినదే. సంకెళ్లతో నిలిచిన పౌలు, తన్ను వెఱ్ఱివాడనిన ఫేస్తును గౌరవపదముతోనే సంబోధించెను. అయినను తన సాక్ష్యమును విడువలేదు. మర్యాద వేఱు, ముఖస్తుతి వేఱు.

మన లోపము పైమెట్టున లేదు, క్రిందిమెట్టున నున్నది. కలెక్టరుగారి యెదుట "అయ్యా, తమరు" అని వంగిన నోరే, వాకిట నిలిచిన ముదుసలి బంట్రోతును "ఒరే" యనుచున్నది. ఎల్లయ్య యని తల్లిదండ్రులు పెట్టిన పేరు, కులమును బట్టి ఊరివారి నోట "ఎల్లిగాడు" ఆయెను. "గారు", "గాడు" అను మాటలకు భేద మొక్క యక్షరమే. ఆ యక్షరములో ఎన్ని తరముల యవమానమున్నదో మనకు తెలియును. మన క్రైస్తవులలో అనేకుల తాతలు అట్లు పిలువబడినవారే. అట్టి మనము, పాదిరిని అయ్యగారనియు, మిషనరీని దొరగారనియు పిలిచి, గుడి యూడ్చువారిని ఏకవచనముతో పిలుచుట తగునా? బంగారుటుంగరము గలవానికి మంచి స్థలమిచ్చి బీదవానిని నిలువబెట్టు సంఘమును యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో గద్దించెను గదా.

కావున విద్యార్థులారా, అర్జీ వ్రాయునపుడు "గౌరవనీయులైన జిల్లా కలెక్టరుగారికి" అని వ్రాసి, విషయమును స్పష్టముగా తెలుపుడు. "దాసానుదాసుడు" అని సంతకము చేయకుడు. మీకంటె పెద్దవారు ఏ పని చేయువారైనను, ఏ కులమువారైనను, "మీరు" అనుడు. పేరునకు "గారు" చేర్చుడు. రేపటి ఉదయము పాఠశాల ద్వారముకడ గంట కొట్టువారితోనే యీ యలవాటు నారంభింపుడు.