కాపురమునకు గడువు

గణపవరము ప్రాంతమున చెరువు కౌలునకు తీసికొను రైతు, చేపపిల్లను వదలుటకు ముందే కౌలు గడువెన్నడు ముగియునో లెక్క చూచుకొనును. పట్టుబడి నాటికి గడువు దాటునేమో యని యోచింపనివానిని ఊరిలో వ్యవహారజ్ఞుడని యెవ్వరు ననరు. అట్టి మనవారే, కుమార్తెను అమెరికాలో ఉద్యోగము చేయువానికిచ్చి, వీసా ముద్ర పడినదని వినగానే ఇక చూడవలసినదేమియు లేదని నిశ్చింతగా నుండుట మాకు వింతగా తోచుచున్నది.

వీసా ఆ దేశపు గుమ్మము వరకే. లోపల ఎంతకాలముండవచ్చునో చెప్పునది ప్రవేశకాలమున నమోదగు ఐ-94 పత్రములోని తేదీ. హెచ్-1బి మీద పనిచేయు భర్తకొక తేదీయు, హెచ్-4 మీద వెళ్లిన భార్యకు వేరొక తేదీయు పడవచ్చును. ఆమె పాస్‌పోర్టు ముందుగా ముగియునదైనచో, ఆ దినము వరకే అనుమతి ఇచ్చుటయు కలదు. భర్త పొడిగింపునకు కంపెనీ అర్జీ పెట్టును; ఆ అర్జీ భార్యకు చెందదు. ఆమెకు ఐ-539 అను వేరు దరఖాస్తు కావలెను. గడువు మీరి 180 దినములకు పైగా నిలిచి దేశము విడిచినవారికి సాధారణముగా మూడేండ్లు, ఏడాది నిలిచినవారికి పదేండ్లు పునఃప్రవేశము నిషిద్ధము.

చిరకాలవాసమే హక్కగునని భ్రమపడువారు బర్మాను తలచుకొనవలెను. గోదావరి ముఖమందలి కోరంగి రేవు పేరనే అచ్చట మనవారిని కోరంగీలనిరి. అప్పుడు బర్మా భారత ప్రభుత్వము క్రింది రాష్ట్రము. 1937 ఏప్రిల్ 1న అది వేరుపడెను. 1948లో స్వతంత్రమై పౌరసత్వ శాసనములు చేసికొనెను. పత్రములు లేక, కాపురములు మాత్రమే ఉన్నవారిలో అనేకులు 1960వ దశకమున రిక్తహస్తములతో మరలి వచ్చిరి. విశాఖపట్టణమందలి బర్మా క్యాంపు పేరు నేటికిని అందుకు సాక్షి.

శాశ్వతనివాసపు దారి మరింత దీర్ఘమైనది. హెచ్-1బికి ఆరేండ్ల పరిమితి. ఆలోపల యజమాని పెట్టిన ఐ-140 అర్జీ ఆమోదము పొందినచో, 2000 సంవత్సరపు చట్టము వలన మూడేసి యేండ్ల పొడిగింపు లభించును. అయినను ఏ ఒక్క దేశమున పుట్టినవారికిని ఏటికి నూటికి ఏడు పాళ్లను మించి గ్రీన్‌కార్డులు సాధారణముగా ఇయ్యరు. కావున భారతదేశమున పుట్టినవారు పదేండ్లకు పైగా వరుసలో నిలిచియున్నారు. ఈలోగా బిడ్డకు 21 ఏండ్లు నిండినచో ఆశ్రిత హోదా పోవచ్చును. భర్త ఉద్యోగము పోయినచో ఇద్దరికిని మిగులునది హెచ్చులో హెచ్చు 60 దినములు.

ముఖ్యముగా ఐ-140 ఆమోదము పొందినవారి భార్యలకు 2015 మే 26 నుండి ఉద్యోగానుమతి దొరకుచున్నది. కాని పునరుద్ధరణ విచారణలో నుండగా పని సాగించుకొను సౌకర్యము 2025 అక్టోబరు 30 నుండి పెట్టు అర్జీలకు తొలగింపబడినది. గడువునకు 180 దినములు ముందుగానే అర్జీ పెట్టవచ్చును. ఆలసించినవారు చేతిలోని పని పోగొట్టుకొందురు.

ఆడపిల్లకు ఈ కాగితముల గొడవ యేల, అల్లుడు చూచుకొనడా యని పెద్దలు కొందరందురు. మంచి అల్లుడు చూచుకొనును, కాదనము. కాని ఆయనయు పనితొందరలో మరచుట కలదు, కాపురములు చెడుటయు కలదు. తన గడువు తానెరుగని స్త్రీ పరదేశములో పరాధీన. అందుచేత వివాహమును వెంటనే రిజిస్టరు చేయింపవలెను. 2002 నుండి అది మన రాష్ట్రమున శాసనవిధి. ఆ పత్రమునను పాస్‌పోర్టునను పేరు అక్షరము తేడా లేక యుండవలెను. పాస్‌పోర్టు గడువు తక్కువగా నున్నచో బయలుదేరక ముందే మార్చుకొనవలెను. గ్రీన్‌కార్డు అర్జీ మాట ఆరవయేట గాక ఉద్యోగమున చేరినప్పుడే యజమానిని అడుగవలెను. తన పత్రములు, తన పట్టాలు ఆమె చేతిలోనే ఉండవలెను.

పెండ్లి ముహూర్తమునకు పంచాంగమును పదిమార్లు తిరుగవేయుదుము. ఆ కాపురము నిలువవలసిన దేశములో బిడ్డ గడువెన్నడో ఒక్కమారు అడిగి తెలిసికొనలేమా?