విడుదలైన మర్నాటి నుంచి

తెలుగు క్రైస్తవ సంఘాల పెద్దలకూ, స్త్రీల సమాజాలకూ, సేవాసంస్థల నిర్వాహకులకూ విన్నపం

పోలీసులు రైడ్ చేసి వ్యభిచార గృహం నుంచి ఒక యువతిని బయటికి తీసుకొచ్చారంటే ఇక ఆమె గట్టెక్కినట్టేనని మనలో ఎక్కువమంది అనుకుంటాం. ఈ పని కోసం మన సంఘాల్లో చేసే ప్రార్థనలూ, పట్టే కానుకలూ, పంచే పత్రికలూ అన్నీ ఆ రాత్రి చుట్టూనే తిరుగుతాయి. చట్టం పని మాత్రం ఆ మర్నాడు మొదలవుతుంది. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఆమెను మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. విచారణ ముగిసేదాకా మూడు వారాలకు మించకుండా సంరక్షణలో ఉంచవచ్చు. రక్షణ అవసరమని మేజిస్ట్రేటు భావిస్తే ఏడాదికి తగ్గకుండా, మూడేళ్లకు మించకుండా రక్షణ గృహంలో ఉంచమని ఉత్తర్వు ఇవ్వవచ్చు. అమ్మినవాడు బెయిలు మీద ఇంటికెళ్లే వీలున్న కేసులోనే అమ్ముడుపోయిన మనిషి తాళం వెనక ఏళ్లు గడిపే వీలూ ఉందన్నమాట. ఈ కరపత్రం అడిగేది ఒక్కటే. మన సేవాసంస్థలు, సంఘాలు ఈ రంగంలో పెట్టే డబ్బులో, మనుషుల్లో పెద్ద భాగాన్ని రైడ్ల నుంచీ హోమ్‌ల నుంచీ తప్పించి, ఆమె తిరిగి నలుగురిలో బతకడం మొదలుపెట్టాక గడిచే ఐదారేళ్లకు మళ్లించాలి.

ఈ వ్యాపారం ఎక్కడో దూరదేశంలోది కాదు. పాత అనంతపురం జిల్లా కరువు మండలాల నుంచి, ముఖ్యంగా కదిరి చుట్టుపక్కల నుంచి, పని ఇప్పిస్తామన్న మాట నమ్మి వెళ్లిన ఆడవాళ్లు పుణె, ముంబై, ఢిల్లీ వ్యభిచార గృహాల్లో తేలడం దశాబ్దాలుగా పత్రికలకెక్కుతున్నదే. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపని వీసా మీద గల్ఫ్ దేశాలకు వెళ్లినవారిలోనూ కొందరి గతి ఇంతే అయింది. 2018లో యాదగిరిగుట్టలో పోలీసులు విడిపించినవాళ్లలో పసిపిల్లలున్నారు. తొందరగా ఎదిగినట్టు కనబడాలని వాళ్లకు ఇంజెక్షన్లు చేశారన్న ఆరోపణ మీద ఒక వైద్యుణ్ణి కూడా అరెస్టు చేశారు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో 2022లో మనుషుల అక్రమ రవాణా కింద దేశమంతటా నమోదైన 2,250 కేసుల్లో 391 తెలంగాణవే. అన్ని రాష్ట్రాల్లోకీ అదే ఎక్కువ. అక్కడ నేరమే ఎక్కువని దాన్ని చదవనక్కర్లేదు, కేసు కట్టే పోలీసులు ఎక్కువని కూడా చదవవచ్చు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆ పక్క పట్టీలోని అంకె. ఈ నేరం కింద శిక్ష పడినవారికంటే నిర్దోషులుగా బయటపడినవారు దేశంలో కొన్ని రెట్లు ఎక్కువ. ఎందుకంటే ఇలాంటి కేసుకు ప్రాణం ఆమె సాక్ష్యమే. కేసు విచారణకొచ్చే నాటికి ఆమె ఏ ఊళ్లో ఉందో, ఎవరి బెదిరింపులో ఉందో, రైలు ఛార్జీలకు డబ్బుందో లేదో పట్టించుకునేవారుండరు. సాక్షి నిలబడకపోతే కేసు నిలబడదు. కేసు నిలబడకపోతే అదే దళారి అదే ఊరికి మళ్లీ వస్తాడు. అంటే విడుదల తర్వాతి సంవత్సరాలను గాలికొదిలేస్తే విడుదల కూడా వృథా అవుతుంది.

ఆ సంవత్సరాల్లో ఆమెకు కావలసినవేమిటో చూస్తే ఒక్కటీ గొప్ప విషయం కాదు, ఒక్కటీ ఒంటరిగా అయ్యేదీ కాదు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా కావాలి. వైద్యం కావాలి, అదీ పేరు బయటపెట్టకుండా. పిల్లలుంటే బడిలో చేర్చాలి. ఇంట్లోవాళ్ల అప్పు తీరకపోతే ఆమెను మళ్లీ పంపాలన్న ఒత్తిడి వస్తుంది, దానికి ఎవరో అడ్డుపడాలి. పరిహారం సంగతి ఇంకా విచిత్రం. బాధితులకు పరిహారం ఇచ్చే పథకం ప్రతి రాష్ట్రంలో ఉండాలని చట్టం చెబుతోంది. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2018లో తయారుచేసిన పథకంలో అత్యాచార బాధితురాలికి 4 లక్షల నుంచి 7 లక్షల రూపాయల దాకా రాసి ఉంది. తెలుగు నేల మీదైతే 2003లోనే ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం అక్రమ రవాణా బాధితుల పునరావాసానికి విధానం ప్రకటించి, తక్షణ సాయం కూడా పెట్టింది. ఇంత ఉన్నా దరఖాస్తు పెట్టినవారే తక్కువ, పెట్టి పొందినవారు ఇంకా తక్కువ. ఆ దరఖాస్తు తీసుకునే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ అనేది ఒకటుందని చెప్పేవారు లేకపోవడం, కాగితాలు పట్టుకుని వెంట తిరిగేవారు లేకపోవడం తప్ప దీనికి పెద్ద కారణం నాకు కనబడదు.

వెంట తిరిగే పనికి తెలుగు క్రైస్తవ సంఘాలకున్నంత వీలు మరెవరికీ లేదు. నగరంలోని స్వచ్ఛంద సంస్థకు ఒక కార్యాలయం ఉంటుంది, ఒక జీపు ఉంటుంది. పల్లెలో మనిషి ఉండడు. మనకు మాలపల్లెలో, మాదిగవాడలో చిన్నదో పెద్దదో ప్రార్థనా మందిరం ఉంది, వారం వారం కూడే స్త్రీల సమాజం ఉంది. అమ్ముడుపోతున్న ఆడపిల్లల్లో చాలామంది ఆ వాడల వాళ్లే, దేవత పేరిట జోగినులుగా మారినవాళ్లలోనూ చాలామంది ఆ వాడల వాళ్లే. తిరిగొచ్చిన అమ్మాయి మన మందిరానికి పక్క వీధిలోనే ఉంటోంది. ఆమెకు తోడుండగల మనిషీ, ఆమె గురించి గుసగుసలాడే మనిషీ ఒకే బల్ల మీద కూర్చుంటున్నారన్నది కూడా నిజమే. సంఘ క్రమశిక్షణ పేరుతో ఆమెను వెనక వరసకు నెట్టిన చోట ఈ పని మొదలుపెట్టడానికే అర్హత ఉండదు.

హోమ్‌లు కట్టడం మన సంప్రదాయం కదా, పండిత రమాబాయి కేడ్గావ్‌లో, ఎమీ కార్మైకేల్ దోహ్నవూరులో చేసింది అదే కదా అని అడుగుతారు. చేశారు. ఇంటి గుమ్మమే మూసుకుపోయిన కాలంలో అది తప్ప దారి లేదు. అదే చరిత్రలో చూడవలసినవి ఇంకా ఉన్నాయి. కేథరిన్ బుష్నెల్, ఎలిజబెత్ ఆండ్రూ అనే ఇద్దరు అమెరికన్ క్రైస్తవ స్త్రీలు 1891-92 శీతకాలంలో మన దేశపు సైనిక కంటోన్మెంట్లు తిరిగి, పార్లమెంటు వద్దన్నా సైన్యం కనుసన్నల్లో వ్యభిచార గృహాలు నడుస్తున్నాయని సాక్ష్యాలు పోగుచేశారు. 1893లో లండన్‌లో విచారణ సంఘం ముందు వాటిని పెట్టారు. ముందు కాదన్న సేనాపతి లార్డ్ రాబర్ట్స్ చివరికి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. వాళ్లు ఒక్క గోడ కట్టలేదు, వ్యవస్థ చేత నిజం ఒప్పించారు. గోడల మీదే నమ్మకం పెట్టుకుంటే ఏమవుతుందో ఐర్లండ్ చూపించింది. ‘పతితల’ను బాగుచేస్తామని కన్యాస్త్రీల సంఘాలు నడిపిన మాగ్డలీన్ లాండ్రీల్లో 1922 తర్వాత సుమారు పదివేల మంది స్త్రీలు జీతం లేని చాకిరీ చేశారు. 2013లో ఆ దేశ ప్రధాని వారికి క్షమాపణ చెప్పాడు. ఆ లాండ్రీల్లో చివరిది డబ్లిన్‌లో 1996లో మూతపడింది. సరిగ్గా ఆ ఏడాదే హైదరాబాదులో మెహబూబ్ కీ మెహందీ అనే వ్యభిచార గృహాల వీధిని ఖాళీ చేయించినప్పుడు, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ అనే కాథలిక్ సన్యాసి, సునీతా కృష్ణన్‌తో కలిసి, ఆ స్త్రీల పిల్లల కోసం ఖాళీ అయిన ఇంట్లోనే బడి తెరిచాడు. ప్రజ్వల సంస్థ అలా పుట్టింది. జరిగిన చోటనే, ఆ మనుషుల మధ్యనే పని ఎత్తుకోవడం అంటే అదీ. నిజామాబాదు జిల్లాలో జోగినుల మధ్య హేమలతా లవణం చేసిందీ ఈ తరహా పనే. ఆమె నాస్తికురాలు, కవి జాషువా కూతురు. నాస్తికురాలి దగ్గర నేర్చుకోవడానికి మనకు నామోషీ ఎందుకు?

రైడ్లు వద్దంటే చెరలో ఉన్నవారి మాటేమిటన్నది గట్టి ప్రశ్న. పసిపిల్లల్ని ఒక్క పూట కూడా అక్కడ ఉండనివ్వకూడదు, సందేహం లేదు. సమాచారం తెలిసినవాడు పిల్లల హెల్ప్‌లైన్ 1098కో అత్యవసర నంబరు 112కో చెప్పి తీరాలి. కానీ తలుపు బద్దలుకొట్టే అధికారం చట్టం ఇచ్చింది పోలీసులకు; దానికోసం మనుషుల అక్రమ రవాణా నిరోధక విభాగాలున్నాయి. ఆ పనికి దాతల్ని వెతకడం తేలిక, ఎందుకంటే అందులో కథ ఉంది, ఫోటో ఉంది, ముగింపు ఉంది. నాలుగో ఏడాది వాయిదాకు ఆమెను బస్సెక్కించి కోర్టుకు తీసుకెళ్లడంలో అవేవీ లేవు. ప్రభుత్వం చేయగలిగింది ప్రభుత్వానికి వదిలి, ఎవరూ చేయనిది మనం చేయాలి.

ఇంటికి పంపితే ఇంటివాళ్లే మళ్లీ అమ్మేస్తారన్నది ఇంకో అభ్యంతరం. కొన్ని ఇళ్ల విషయంలో అది అక్షరాలా నిజం. అందుకే అనైతిక వ్యాపార నిరోధక చట్టం 17ఎ సెక్షన్, తల్లిదండ్రులకో భర్తకో అప్పగించే ముందు వాళ్ల స్థితిగతుల మీద గుర్తింపు పొందిన సేవాసంస్థ చేత మేజిస్ట్రేటు విచారణ జరిపించవచ్చంటోంది. 17వ సెక్షన్‌లోనైతే మేజిస్ట్రేటుకు సాయంగా ఐదుగురు పెద్దమనుషుల్ని, వీలైతే ముగ్గురు స్త్రీలను, పిలిపించుకోవచ్చని ఉంది. ఆ ఇంటి పరిస్థితి నిజాయితీగా చెప్పగలిగేది ఆ ఊళ్లో ఉన్నవారే. ఇల్లు పనికిరాదని తేలితే పట్టణంలో ఇద్దరు ముగ్గురు కలిసి అద్దెకుండే గది చూడవచ్చు, తాళం వాళ్ల చేతిలోనే ఉండేలా. పెద్ద హోమ్‌కయ్యే ఖర్చులో ఇలాంటి గదులు చాలా వస్తాయి.

తన ఇష్టంతోనే ఆ వృత్తిలో ఉన్నానని చెప్పే పెద్దవయసు స్త్రీ సంగతి మన సంఘాలకు మింగుడుపడదు. 2022 మే 19న సుప్రీంకోర్టు బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో, వారిని కూడా మర్యాదగా చూడాలనీ, ఇష్టానికి విరుద్ధంగా రక్షణ గృహాల్లో ఉంచిన పెద్దవారి లెక్క తీసి విడుదలకు చర్యలు చేపట్టాలనీ ఆదేశించింది. ఆ వృత్తి మంచిదని మనం ఒప్పుకోనక్కర్లేదు. బలవంతంగా ఆమెను బాగుచేసే హక్కు మనకు లేదని ఒప్పుకుంటే చాలు. సాయం కావాలని ఆమె వస్తే తలుపు తెరిచి ఉండాలి.

మనల్ని కాస్త ఇబ్బంది పెట్టే మాట ఒకటుంది. ఈ సేవంతా మతమార్పిడికేనని బయటివారు అంటారు. ప్రతిసారీ ఆగ్రహపడడం కంటే, ఆ అనుమానానికి మనం ఎక్కడ చోటిస్తున్నామో చూసుకోవడం మంచిది. తిండికీ పడకకూ ప్రార్థనలో కూర్చోవడం షరతు అయినప్పుడు, వద్దనే శక్తి లేని మనిషి ఒప్పుకోలుకు విలువ ఏముంటుంది? అంతకంటే హాని చేసేది కూటాల్లో ఆమెను స్టేజీ ఎక్కించి సాక్ష్యం చెప్పించడం, ఆ వీడియోను దాతలకు పంపడం. అత్యాచార బాధితురాలి పేరూ గుర్తులూ ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు ఉంది. పిల్లల విషయంలో పోక్సో చట్టం కూడా అడ్డుపడుతుంది. చట్టం సంగతి అలా ఉంచినా, చనిపోయిన యాయీరు కూతుర్ని లేపాక యేసు చేసిందేమిటి? ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వవద్దని గట్టిగా చెప్పి, ఆ పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. మన పద్ధతి దీనికి తలకిందులుగా ఉంది.

ఉపాధి అనగానే మనం కుట్టుమిషన్ ఇచ్చేస్తాం. కుట్టుమిషన్ మీద క్రైస్తవ సేవకున్న మమకారం అంతుపట్టదు. ఊళ్లో పదిమంది కుట్టేవాళ్లుంటే పదకొండో మిషన్ మంచం కిందికి పోతుంది. కోల్‌కతా సోనాగాచిలో ఫ్రీసెట్ అనే క్రైస్తవ వ్యాపారసంస్థ సంచులు కుట్టించింది గాని, నెల జీతానికి కుట్టించింది. తేడా అక్కడుంది. మన మిషన్ ఆసుపత్రుల్లో, బడుల్లో, కాలేజీల్లో ఆయాలు, ల్యాబ్ సహాయకులు, వంటవాళ్లు, గుమాస్తాలు ఏటా చేరుతూనే ఉంటారు. గతం అడగకుండా శిక్షణ ఇచ్చి, ఏటా కొన్ని ఉద్యోగాలు ఇలాంటి స్త్రీలకు కేటాయించాలని యాజమాన్యాలు తీర్మానించుకోవాలి.

డబ్బెక్కడిదంటే, విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో బయటి నిధిని చిన్న సంస్థలకు పంచే వీలు పోయింది, నిర్వహణ ఖర్చు 20 శాతానికి పరిమితమైంది. ఆ సవరణ మీద ఎన్ని ఫిర్యాదులున్నా, మన కానుకతో మన పని చేసుకోవడానికి అది అడ్డు కాదు. నేను అడుగుతున్న పనికి భవనాలు అక్కర్లేదు. బస్సు ఛార్జీలు, ఫోను ఖర్చు, ఓపిక కావాలి.

ఫిబ్రవరి 8 జోసఫిన్ బఖీతా స్మరణదినం. సూడాన్‌లో చిన్నప్పుడే ఎత్తుకెళ్లి పదేపదే అమ్మిన ఈ స్త్రీని ఇటలీలో యజమానురాలు తిరిగి తీసుకుపోబోతే, అక్కడి కన్యాస్త్రీలు ఆమె పక్షాన నిలిచారు. ఆమె స్వతంత్రురాలని 1889లో వెనిస్‌లో కోర్టు తేల్చింది. వచ్చే ఫిబ్రవరి 8 లోగా ప్రతి సంఘం తన స్త్రీల సమాజం నుంచి ఇద్దరిని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపి, న్యాయసాయంలో తోడ్పడే పారా లీగల్ వాలంటీర్లుగా చేర్చుకొమ్మని దరఖాస్తు పెట్టించాలి. శిక్షణ ఆ సంస్థే ఇస్తుంది. దాని కార్యాలయం మామూలుగా జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. మీ సంఘం నుంచి ఎవరు వెళతారో వచ్చే కమిటీ మీటింగులో పేర్లు రాయండి.